తెలుఁగింటి దీపాలంకారము

ఆంధ్రదేశమునందలి శిలాశాసనములలో దీపదానమును దెలుపునవి మిక్కిలి విస్తారముగా నున్నవి. ద్రాక్షారామ భీమేశ్వరాలయమునఁ జెక్కఁబడి, 1923వ సంవత్సరమున దక్షిణ హిందూదేశ శాసనముల నాల్గవ సంపుటమునఁ బ్రకటింపఁబడిన శాసనములను జదువువారి కీ సంగతి తేటపడును. దాత రాజైనను, రాణియైనను, వర్తకుఁడైనను దానస్వరూపము మాత్ర మించుమించుగా నొక్కటియే. అఖండదీప మొకటికిఁ దఱచుగా 50 గొఱ్ఱెలు సమర్పింపఁబడును. వానిని బోయ యొకఁడు చేకొని, తానును దన పుత్రపౌత్రులును దినదినమును మానెఁడు నేయి దేవుని దీపమునకుఁ బోయుట కొడంబడును. ఆ కట్టుబాటు చంద్రసూర్యు లున్నంతకాలము నిలువవలయునని వ్రాయఁబడును. గుడిదీపమునకు నేయి యెక్కడనుండి వచ్చెను, ఎంత వచ్చెను, ఎవరు తెచ్చిరి యను మూఁడు ప్రశ్నలకును శిలయే యుత్తరము చెప్పుచున్నది.

ఇంటిదీపమున కట్టి శాసనము లేదు. సంజవేళ గూటిలో వెలిఁగిన ప్రమిదకు నూనె పోసిన దెవరు, వత్తి చేసిన దెవరు, కార్తికమాసమునఁ దులసికోటయొద్దను, గడపమీఁదను, గోడలమీఁదను వరుసలు తీర్చిన దెవరు అని యే శిలయు జెప్పదు. ఇందువలనఁ గొందఱు, దీపాలంకారమనునది దేవాలయములకును రాజగృహములకును జెందిన వేడుక యనియు, సామాన్యగృహమున దీపము చీఁకటిఁ బోఁగొట్టు నుపకరణమాత్రమే యనియు, నింటిని దీపములతో సింగారించుట గాజుదీపములతోడను విద్యుద్దీపములతోడను వచ్చిన నవీనాచారమనియుఁ దలఁతురు. ఈ యభిప్రాయము విచారణకు నిలువదు. శాసనము లేనిచోట సాక్ష్యమే లేదనరాదు. ఇంటిదీపమునకు సాక్ష్యము పదములందును, నోములందును, కథలందును, వంటయింటి వస్తువులందును గలదు. దానిని వరుసగాఁ బరిశీలించినచో, దీపాలంకారము ప్రధానముగా నింటిచేతులలోఁ బుట్టి పెరిగిన విద్య యని తేలును.

మొదట గ్రంథసాక్ష్యమును జూతము. 7వ శతాబ్దియందలి శ్రీహర్షుని నాగానందనాటకమున దీపప్రతిపదుత్సవము పేర్కొనఁబడినది. సోమదేవసూరి రచించిన యశస్తిలకచంపువు శకవర్షము 881న, అనఁగాఁ గ్రీ. శ. 959న ముగిసినది. ఆ గ్రంథకర్త వేములవాడ చాళుక్యుల యాదరమును బొందినవాఁడు. 966వ సంవత్సరమున నరికేసరి యాతని కిచ్చిన దానమును దెలుపు తామ్రశాసనము పర్భణియందు దొరకినది. కాఁబట్టి యాతఁడు చెప్పిన యాచారములు తెలంగాణభూమి కన్యములు గావు. దీపోత్సవవేళ సున్నముతోఁ దెల్లఁజేయఁబడిన గృహములును, మేడలపైఁ దీర్పఁబడిన దీపపంక్తులును నా చంపువున వర్ణింపఁబడినవి. సుమారు 1030 ప్రాంతమున హిందూదేశమును గూర్చి వ్రాసిన అల్బెరూనీ, దీపావళిరాత్రి యెల్లయెడల దీపములు విస్తారముగా వెలిఁగింతురని చెప్పినాఁడు. 1420 ప్రాంతమున విజయనగరమును జూచిన ఇటలీదేశీయుఁడు నికొలో కాంటి, యొక పండుగయందు గుడులలోపలను బైకప్పులమీఁదను నువ్వులనూనె దీపములు లెక్కకు మించి రేయుఁబగలు వెలుఁగునని వ్రాసినాఁడు.

ఈ నలువురి వ్రాఁతలవలన దీపముల వరుసఁదీర్చు నాచారము వేయేండ్లకుఁ బైఁబడినదని సిద్ధించుచున్నది. ఇండ్లకు సున్నము వేయుట, దీపములు పెట్టుట యొక్క పండుగలోని రెండు పనులని సోమదేవుని వర్ణనము తెలుపుచున్నది. కాని వీరందఱు వెలుపలినుండి చూచినవారు. దూరమునుండి చూచువానికి వరుస కనఁబడును గాని వత్తి కనఁబడదు. ఆ వత్తి యెట్లు చేయఁబడినదో తెలియవలెనన్నఁ బదములను శోధింపవలయును.

సంస్కృతమున వత్తికి దశ యని యొక పేరు గలదు. ఈ శబ్దమునకు వస్త్రపుటంచునందలి పోఁగులనియు, దీపపువత్తియనియు, మనుష్యుని యవస్థయనియు మూఁడర్థములు ప్రసిద్ధములు. కవులు రెండవ మూఁడవ యర్థములను గలిపి శ్లేషలు చేసిరి. తైలమునకును బ్రేమకును స్నేహమని యొక్కటియే పేరగుట వారికి మఱింత యనుకూలించినది. అలంకారశాస్త్రమునకుఁ బనికివచ్చిన దింతవఱకే. చరిత్రకుఁ బనికివచ్చునది మొదటి యర్థము. గుడ్డయంచు పోఁగునకును దీపపువత్తికి నొక్కటే పేరెట్లు వచ్చెను? ప్రాఁతవస్త్రపుటంచును జింపి, పేని, నూనెలో నిడుటయే వత్తి చేయు పూర్వపద్ధతి యగుటచేతనే యని చెప్పుట యుక్తము. కట్టి విడిచిన వస్త్రము దీపమైనది. ఈ పని యంగడిలో జరుగునది కాదు; ఇంటిలో జరుగునది.

వత్తికి రెండవ పేరు వర్తి. ఇది వృతు ధాతువునుండి పుట్టినది. తిప్పఁబడినది, చుట్టఁబడినది యని దీని భావము. తెలుఁగున వత్తి యనునది యీ వర్తిశబ్దమే ప్రాకృతముఖమున వచ్చిన రూపము. దశ చింపుటను దెలుపుచున్నది. వర్తి పేనుటను దెలుపుచున్నది. ఈ రెండు పేళ్ళును రెండు చేతిపనులకు గుఱుతులు. తెలుఁగిండ్లలో గుడ్డవత్తియు దూదివత్తియు నని యా భేదము నేఁటికిని నిలిచియున్నది. ఇట్లే దీపిక ప్రాకృతమున దీవిఆ యై, తెలుఁగున దివియ, దివ్వె యైనది. దీపవర్తి నుండి దివటి, దివిటీ యేర్పడినవి. దివిటీ పదమునఁ జివర నున్న టీకారము వత్తియొక్క శేషమే. ఆ పదమును బలుకువాఁ డెఱుఁగకయే వత్తిని స్మరించుచున్నాఁడు.

దూదివత్తి చేయుట చూచుటకు సులభము, చేయుటకుఁ గష్టము. గింజలు తీసి, దుమ్ము దులిపి, పత్తిని ఱేకులుగా విడఁదీయవలెను. వ్రేళ్ళకు దూది యంటుకొనకుండఁ బాలతడి గాని విభూతి గాని యద్దుకొని, యఱచేతులనడుమఁ బేనవలెను. పేనఁక తక్కువైన వత్తి నూనెను బీల్చి వాలిపోవును. ఎక్కువైన నూనె పైకెక్కక మసియగును. సన్నని పోఁగుల నడుమ నూనె తనంతఁ దాను పైకి ప్రాఁకుటచేతనే దీపము వెలుఁగును గావున, ఆ పోఁగులనడుమ నుండవలసిన యెడము వ్రేళ్ళకే తెలియవలెను. ప్రమిదయంచున వాల్చుటకుఁ బొడవువత్తి. క్రింద గుండ్రని యడుగును, పైనఁ దొడిమవంటి కొనయునుఁ గలిగి ప్రమిదనడుమ నిలుచునది పువ్వువత్తి. ఈ రెండవది కేవలము వెలుఁగుకొఱకు గల్పింపఁబడినదని చెప్పరాదు. వెలుఁగునకుఁ బొడవువత్తియే చాలును. దూదిని బువ్వుగా మలఁచుట యలంకారబుద్ధి. ఆ బుద్ధి యింటిలోనిదే.

కార్తికపూర్ణిమనాఁడు 365 వత్తులను గూర్చి నేతిలోఁ దడిపి యొక్కమాఱుగా వెలిఁగించుట పెక్కిండ్ల యాచారము. దినమున కొక వత్తిచొప్పున నేఁడాది దీపారాధనమున కది యీడని చెప్పుదురు. ఈ సంఖ్యయం దొక విశేషము గలదు. పండుగలను నిర్ణయించు చాంద్రమానసంవత్సరమునకు సుమారు 354 దినములు. అధికమాసము వచ్చినయేఁట సుమారు 384. వత్తులసంఖ్య యీ రెంటిలో దేనికిని సరిపోక సౌరసంవత్సరమునకు సరిపోవుచున్నది. దీనినిబట్టి యీ లెక్క పంచాంగకర్తలు నిర్ణయించినది గాక, యిండ్లలోఁ గుదిరినదని యూహింపవచ్చును. లక్షవత్తుల నోము మఱియొకటి. లక్షవత్తులు చేయుటకు నెలల తరబడి తీఱికవేళ లన్నియు వెచ్చింపవలెను. ద్రాక్షారామపు దాత యేఁబది గొఱ్ఱెలిచ్చి దీపమును నిలిపెను. నోముపట్టిన యిల్లాలు లక్షమాఱు లఱచేయి కదల్చి నిలిపెను. మొదటిదాని లెక్క శిలమీఁద నున్నది; రెండవదాని లెక్క కాలిపోయినది.

ఇఁక నూనె. తెలుఁగున నూనె యనునది నూవు, నెయ్యి యను రెండు పదముల కలయిక. అనఁగా నువ్వుల నెయ్యి. సంస్కృతమునఁ దైలమనఁగాఁ దిలలనుండి వచ్చినది. రెండు భాషలును బరస్పరసంబంధము లేకయే నువ్వులనూనెనే మొదటి నూనెగా గణించినవి. పిమ్మట రెండిట నొక్కతీరున నర్థవిస్తారము గలిగినది. ఇంగుదతైలము, ఏరండతైలము మొదలగు ప్రయోగములను సాధించుటకు వార్తికకారుఁడు తైలశబ్దమును స్నేహార్థకమైన ప్రత్యయముగా గ్రహింపవలసివచ్చినది. అందుచేతనే తిలతైలమన్నచోఁ బునరుక్తి లేదు. తెలుఁగునను నువ్వులనూనె యన్నచో నువ్వు రెండుమాఱులు వచ్చియు నెవ్వరి చెవికిని దోషమనిపింపదు. కొబ్బరినూనె, వేపనూనె, ఇప్పనూనె యని యొక్కొక్క సీమలో దొరకు గింజనుబట్టి దీపము మాఱినను బదము మాత్రము మాఱలేదు. ఆముదము చిక్కనిదగుటచే మెల్లగాఁ గాలి, పడకటింటి గూటిదీపమునకుఁ బనికివచ్చినది. నెయ్యి పూజకు, నువ్వులనూనె పండుగకు, ఆముదము రాత్రికి నను వివేచన మిండ్లలోఁ బుట్టినదే.

దీపపాత్రలను జూచినను నిట్లే. ప్రమిద యొక్కటి కుమ్మరియింటినుండి వచ్చును. పూఁత లేని మట్టిపాత్ర యగుటచేఁ గ్రొత్తప్రమిద నూనెను ద్రాగును. అందుచేత దానిని ముందు నీటిలో నానవేసి, యాఱఁబెట్టి, పిమ్మట నూనె పోయుదురు. ఒక ప్రమిదక్రింద మఱియొక ప్రమిద నుంచుట మర్యాదయని చెప్పుదురు గాని, యోడిన నూనె నేలకంటకుండుటయుఁ దత్ప్రయోజనమే. పసుపుకుంకుమల బొట్లు, సున్నపుచుక్కలు, క్రింద ముగ్గు, వీనితో నా మట్టిమూకుఁడు సొగసెక్కును. ప్రమిద లేనిచో నిల్లు నిలిచిపోలేదు. బియ్యపుపిండిలో బెల్లము కలిపి, ముద్దచేసి, బొటనవ్రేలితో నడుమ నొత్తినచోఁ బిండిదీపమగును. శనివారవ్రతములందు వేంకటేశ్వరునకు దీనినే వెలిఁగించి, కొండెక్కిన పిమ్మటఁ బ్రసాదముగా భుజింతురు. పాత్రయే నైవేద్యమగు దీపమిది. కార్తికమున నుసిరికాయ నడుమ గుంటచేసి నేతివత్తి నిడుట గలదు. అరఁటిబోదె పట్టను ద్రుంచి, దొప్పగావంచి, దీపముంచి నీట విడుచుట గలదు. ఈ వస్తువులలో వెలయిచ్చి తేవలసినది దాదాపు లేదు. వంటయిల్లును బెరడును గలిసి దీపశాలలైనవి.

వెలుఁగును నేరుగాఁ గాక, చిల్లులగుండ బయటికిఁ బంపి చిత్రమును గల్పించుట దీపాలంకారమున మఱియొక మెట్టు. ఇది కూడఁ బ్రాచీనమే. శంకరాచార్యకృతముగాఁ బ్రసిద్ధమైన దక్షిణామూర్తిస్తోత్రమున, పెక్కు చిల్లులుగల కుండలో నున్న మహాదీపము జ్ఞానమునకు దృష్టాంతముగాఁ జెప్పఁబడినది. దృష్టాంతము వినువాఁ డెఱిఁగినదై యుండవలెను గదా. చిల్లికుండ దీపము నాఁటివారు చూచినదే కానిచో నా యుపమానము వ్యర్థమగును. గుజరాతున నవరాత్రులందుఁ జిల్లికుండలో దీపముంచి చుట్టునాడు నాట్యమునకు గర్బా యను పేరు గర్భదీపశబ్దమునుండియే వచ్చినదందురు. తెలుఁగునాఁటఁ గార్తికమాసమున శివాలయ ధ్వజస్తంభముపైకిఁ ద్రాటితో నెక్కించు నాకాశదీపము చిల్లులుగల చిన్నపాత్రయే. ఆ చిల్లులు గాలి యాడుటకును, సుడిగాలికి వత్తి యాఱకుండుటకును, దూరమునకుఁ జుక్కవలెఁ గనఁబడుటకును మూఁడిటికి నుపకరించును. గడపమీఁది దీపము లోపలను వెలుపలను వెలుఁగు నిచ్చుట దేహళీదీపన్యాయమని శాస్త్రములందుఁ బ్రసిద్ధము. ఒక్క పద మిరువంకల నన్వయించుటను దెలుపుటకుఁ బండితు లీ న్యాయము నెత్తుకొందురు. కైయటుఁడు మహాభాష్యమునకుఁ దాను రచించిన వ్యాఖ్యకుఁ బ్రదీపమని పేరు పెట్టెను; దానిపై నాగేశభట్టు వ్రాసినది ఉద్ద్యోతము. శాస్త్రమున కింటిదీప మిచ్చిన దెంతయో. ఇంటిదీపమునకు శాస్త్ర మిచ్చినది కొంచెమే.

ఈ విషయమున నింటివారి యభిప్రాయము స్పష్టముగాఁ గనఁబడుచోటు పోలికథ. కార్తికామావాస్య మఱునాఁడు, మార్గశిరశుద్ధపాడ్యమినాఁడు, స్త్రీలు తెల్లవాఱుజామున నదులలోను జెఱువులలోను నరఁటిదొప్పల దీపములు విడిచి యీ కథ చెప్పుకొందురు. పోలి యొక యింటి చిన్నకోడలు. అత్త పెద్దకోడండ్రను వెంటఁబెట్టుకొని కార్తికమంతయు నదీస్నానమునకును దీపములు విడుచుటకును బోవుచు, పోలిని మాత్ర మింటిపనికిఁ గట్టి యుంచును. దీపము పెట్టుకొనుటకు నూనెగాని వత్తిగాని యామెకుఁ జిక్కకుండఁ జేయును. పోలి పెరటిలోని పత్తిచెట్టుక్రింద రాలిన దూదిని దెచ్చి వత్తి చేసికొనును. కవ్వమున కంటిన వెన్నను దీసి వత్తికిఁ బూయును. నూతియొద్ద స్నానముచేసి దీపము వెలిఁగించి, యెవరికిని గనఁబడకుండ దానిపై బుట్ట బోర్లించును. నెల ముగియఁగా విమానము వచ్చును. అది తమకొఱకే యని యత్తయుఁ బెద్దకోడండ్రును భ్రమింతురు. విమానము పోలిని బొందితో నెక్కించుకొని పోవుచుండఁ గ్రిందివా రామె కాళ్ళు పట్టుకొని, పైకెక్కలేక జాఱిపడుదురు. పాఠభేదములు పెక్కులున్నను రాలిన పత్తియుఁ గవ్వపువెన్నయుఁ దఱచు మాఱవు.

ఈ కథకు నీతి భక్తి యని చెప్పి విడిచిపెట్టుట వాడుక. భక్తి యున్నది, నిజమే. కాని భక్తిమాత్రమే చెప్పవలసియున్న, పోలి మనసులోనే దీపమును భావించెనని చెప్పిన నది చాలును. కథ యట్లు చెప్పలేదు. దూది యెక్కడిది, వెన్న యెక్కడిది, ఎట్లు దాఁచెను అను మూఁటిని విడువక చెప్పినది. ద్రాక్షారామశాసనము నేయి యెక్కడిది, ఎంత, ఎవరు తెచ్చి రని చెప్పినట్లే యీ కథయుఁ దన లెక్కను దాను చెప్పుచున్నది. కావున నిది యింటిదీపమునకు మౌఖికశాసనము. దీనియందు దాత లేఁడు, గొఱ్ఱెలు లేవు, సాక్షులు లేరు. చేసినచేయి యొక్కటే కలదు. ఒక యాక్షేపము రావచ్చును: పోలిదీపము బుట్టక్రింద దాఁపఁబడినది గదా, దాని కలంకారమెట్లు గలుగును? దీనికి సమాధానమా పాడ్యమినాఁటి నీటిమీఁదనే యున్నది. బుట్టక్రింద నొంటిగా వెలిఁగిన దీపమును దలఁచుకొనియే వందలకొలఁది దొప్పదీపములు వరుసగా నీట విడువఁబడుచున్నవి. కథలో దాఁగినది యాచారమున బయటికి వచ్చి యలంకారమైనది.

దీప మాఱుటను జెప్పు పదములందుఁ గూడ నింటివారి మనసు తెలియును. నిర్ పూర్వకమైన వా ధాతువునకుఁ గర్త వాయువు కానిచో నిర్వాణరూపమును, వాయువైనచో నిర్వాతరూపమును పాణిని విధించెను. వృత్తికారులు మొదటిదానికి నిర్వాణమైన యగ్నిని, నిర్వాణమైన ప్రదీపమును, నిర్వాణుఁడైన భిక్షువును నుదాహరించిరి. మహాపదమైన నిర్వాణము దీపముతోడి చెలిమి నిట్లు వదలలేదు. తెలుఁగిల్లు మఱియొక త్రోవఁ బట్టినది. దీప మాఱెనని పలుకుట యమంగళమని, దీపము కొండెక్కెనని పలికినది. శాస్త్రము శమించినదన్నచోట నిల్లు పైకి పోయినదన్నది. పోలి పోయిన త్రోవయు నదియే యగుట గమనింపఁదగినది.

దీపాలంకార మొక్క మతమువారిది గాదు. హైదరాబాదు సీమలోఁ గందిలి యను పదము ప్రసిద్ధము. ఇది అరబ్బీ కందీలునుండి వచ్చినది. దానికి మూలము లాటినుభాషయందలి కాండేలా. ఇంగ్లీషువారి క్యాండిలునకును నదియే మూలము. కావునఁ దెలంగాణపుఁ గందిలియు దొరలు తెచ్చిన క్యాండిలు నొక్కతల్లి బిడ్డలు, రెండు త్రోవల వచ్చి తెలుఁగునాఁటఁ గలిసికొన్నవి. లాంతరు పదమును యూరోపీయభాషలనుండి వచ్చినదే. గుంటూరు, కృష్ణా మొదలగు ప్రాంతములఁ గ్రైస్తవగృహములవారు క్రిస్మసునకు వెదురుబద్దలతో నక్షత్రపుఁజట్టమును గట్టి, రంగుకాగితము లంటించి, లోన దీపముంచి యింటిముందు వ్రేలఁగట్టుట చిరపరిచితము. బద్ద చీల్చుట, మూలలు దారముతోఁ బిగించుట, అంబలిజిగురుతోఁ గాగితము నంటించుట, ఇవన్నియు నింటిపిల్లలు పెద్దలయొద్ద నేర్చుకొన్న పనులే. దీపావళినాఁడు గోఁగుకాడలకు నూనెగుడ్డల వత్తులు చుట్టి పిల్లలచేతఁ బట్టించుటయు నట్టిదే. దేవుఁడు వేఱైనను విద్య యొక్కటి.

19వ శతాబ్ది చివరిభాగమున అమెరికా, రష్యా, బర్మా దేశముల కిరసననూనె వ్యాపించుటతోఁ బ్రమిద వాడుక తగ్గినది. కాని యింటిచేయి తగ్గలేదు. కాలీయైన సిరాబుడ్డి మూఁతకుఁ జిల్లు పొడిచి, రేకుగొట్టములో గుడ్డవత్తిని దూర్చి బుడ్డిదీపము చేసికొన్నారు. ఇక్కడ దశాశబ్దపు మొదటి యర్థము, చిరిఁగిన గుడ్డ, మరల దీపమున నిలిచినది. విద్యుద్దీపములు వచ్చిన పిమ్మట ప్రమిద దేవునిగూటికిఁ బరిమితమైనది. నేఁడు చిన్నచిన్న విద్యుద్దీపముల తీఁగలను జవుకగాఁ గొని, ఖాళీ గాజుసీసాలలోను, చిల్లులు పొడిచిన టెంకాయచిప్పలలోను, ఎండిన సొరకాయబుఱ్ఱలలోను నమర్చి యింటిని సింగారించువారు పెక్కండ్రు. ఇది పరదేశపు వేడుకయని నిరసించువారు చిల్లికుండ దీపమును మఱచినవారు. వెలుఁగు పుట్టు తెఱఁగు మాఱినది. వెలుఁగును జిల్లులగుండఁ జిత్రముగా విడుచు తెఱఁగు మాఱలేదు.

మాఱినదియుఁ, బోవుచున్నదియు మఱియొకటి గలదు. అది పదసంపద. వత్తులు సంచులలోఁ గొనుటకు దొరకుచున్నవి. కొన్నవానికిఁ బేరుతోఁ బని లేదు. చేయువానికే పేరు కావలెను. పొడవువత్తియొక్కయుఁ బువ్వువత్తియొక్కయు భేదము, దూది విడఁదీయుటకు, పేనుటకు, కొన తీర్చుటకు గల క్రియలు, కుంది, సెమ్మె, ప్రమిద, మూకుఁడు అను పాత్రల తారతమ్యము, ఇవన్నియుఁ జేతితోడనే పోవును. శబ్దరత్నాకరము (1885) మొదలుకొని మన మహానిఘంటువులు ప్రధానముగాఁ గావ్యప్రయోగముల నాధారముగాఁ గొన్నవి. 1962లో వ్యవసాయపదములతో నారంభమైన మాండలికవృత్తిపదకోశములు వృత్తులవారి పదములను జేర్చి గొప్పమేలు చేసినవి. వత్తి చేయుట వృత్తి యనిపించుకొనదు. దానికిఁ గూలి లేదు, కులము లేదు, పన్ను లేదు. అందుచేత నది కావ్యమునకును వృత్తికోశమునకును నడుమ జాఱిపోయినది. శాసనములలో లేకపోవుటకును గారణ మిదియే. వెల గట్టఁబడనిదానిని వ్రాసిపెట్టుకొను నలవాటు మనకుఁ దక్కువ.

ఈ లోపమును దీర్చుట కష్టము గాదు. పాఠశాలలయందున్న పండితులు తమ శిష్యులచేతఁ దమతమ యిండ్లలోని వృద్ధస్త్రీలను, వారు చేసిన వత్తుల పేళ్ళను, దీపముల పేళ్ళను, పోలికథ పాఠములను నడిగించి, యూరిపేరుతోఁ గూడ వ్రాయించినచోఁ గొన్నియేండ్లలోఁ దెలుఁగుసీమ లన్నింటికిఁ జాలిన సామగ్రి చేకూడును. వేఱ్వేఱు ప్రాంతముల రూపములను బ్రక్కప్రక్కఁ బెట్టినపుడు దివ్వె, దివియలవలెనే మఱికొన్ని పదముల పుట్టుక తేలవచ్చును. దీపమున్నపుడే యిల్లు చక్కఁబెట్టుకొమ్మను సామెత యీ పనికిఁ జక్కగా సరిపోవును. లక్షవత్తులను దమ చేతులతోఁ బేనినవా రింకను గొందఱున్నారు. వారు చెప్పునది వ్రాసికొనఁబడినచో, ద్రాక్షారామశిల గుడిదీపమునకుఁ జేసిన మేలు తెలుఁగింటి దీపమునకు నీ కాలమునఁ గాగితముచేఁ జేయఁబడినదగును.